గిన్నెల పందెం

ఆ ఎండాకాలం జనాభా లెక్కల అమ్మాయి మా ఇంటికి వచ్చినప్పుడు ఇంట్లో నలుగురం ఉన్నాం. మాట్లాడింది మాత్రం నాన్న ఒక్కడే. ఆ పిల్ల చెమటలు కక్కుతూ కుర్చీ అంచున కూర్చుని, చేతిలో ట్యాబ్ చూస్తూ ఒక్కో ప్రశ్నా చదువుతోంది. ఎన్ని గదులు, నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎవరేం చదువుకున్నారు. నాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. ఏదడిగినా ఇంజను విప్పి చూపించినంత వివరంగా చెబుతాడు. నీళ్ళ ట్యాంకు గురించే పావుగంట చెప్పాడు. మతం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క మాటలో తేల్చేశాడు.

"లేదు."

"మీకాండీ, ఇంట్లో అందరికీనా?"

"అందరికీ. నలుగురికీ లేదు. అలాగే రాసుకో అమ్మా."

ఆ అమ్మాయి నవ్వింది. "ఈ వీధిలో సగం ఇళ్ళు ఇదే మాట చెబుతున్నాయండీ. నిన్న వెనక వీధిలోనూ అంతే."

నాన్న మొహం వెలిగిపోయింది. "విన్నారా!" అన్నట్టు నావైపూ తమ్ముడివైపూ చూశాడు. ఆయన కుర్రతనంలో ఈ మాట అన్నందుకు అద్దెకు ఇల్లు ఇవ్వనివాళ్ళున్నారట. వంటింట్లో అమ్మ గిన్నెలు కడుగుతోంది. కుళాయి చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది. ఆగడం నేను విన్నాను. నీళ్ళు పోయాయేమో అనుకున్నాను.

మా ఇంట్లో గిన్నెల పందెం అని ఒకటుండేది. ఎవరి నోటివెంట దేవుడి పేరు వస్తే వాళ్ళు ఆ పూట గిన్నెలు కడగాలి. నాన్న పెట్టిన రూలు. మన భాషలో అది ఎంత కష్టమో ప్రయత్నిస్తే గానీ తెలియదు. దెబ్బ తగిలితే దేవుడా, బస్సు దొరికితే దేవుడి దయ, లెక్క తేలకపోతే దేవుడెరుగు. నోరు జారీ జారగానే తమ్ముడు బల్ల మీద గరిటెతో కొట్టి "గిన్నెలు!" అని అరిచేవాడు. వచ్చిన చుట్టాలకు కూడా మినహాయింపు లేదు. ‘నీకు పుణ్యముంటుంది’ అన్నందుకు ఊరికే పలకరించడానికి వచ్చిన మా పిన్ని చేత కూడా గిన్నెలు తోమించారు. ‘ఖర్మ’ అనే మాట విషయంలో తీర్పు ఏళ్ళ తరబడి పెండింగులో ఉండేది. ఒకసారి నాన్నే స్క్రూ వేలికి గుచ్చుకుని "దేవుడా" అనేసి, నడుముకు తువ్వాలు చుట్టుకుని, పెద్ద హంగామా చేసి గిన్నెలు కడిగాడు. రెండు గ్లాసులు పగలగొట్టాడు. ఆ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నామో లెక్కలేదు.

ఎక్కువగా దొరికిపోయేది అమ్మే. రోజూ ఏదో ఒక పూట నోరు జారేది, నాలుక కరుచుకునేది, నవ్వుతూ లేచి వెళ్ళేది. ఆట అనుకున్నాం. పందెం లేని ఇళ్ళల్లో కూడా గిన్నెలు కడిగేది అమ్మలేనన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ ఆటలో నాది వేరే పాత్ర. నేను డిపోలో మైకు దగ్గర పనిచేస్తాను. ఏ బస్సు ఎక్కడికి వస్తుందో, ఏది ఆలస్యమో చెప్పే గొంతు నాదే. అందుకే ఇంట్లో నన్ను మైకు అనేవాళ్ళు. చిన్నప్పటినుంచీ నాకు ఎవరి గొంతు వింటే ఆ గొంతు వచ్చేసేది. కండక్టర్లు, మేనేజరు, పక్కింటావిడ దగ్గు, ఎవరైనా సరే. భోజనాల దగ్గర "మైకూ, ఒకటి అందుకో" అని నాన్న అనడమే ఆలస్యం, మొదలుపెట్టేసేదాన్ని.

లెక్కల అమ్మాయి వచ్చి వెళ్ళిన కొన్నాళ్ళకు అమ్మ కంటికి ముప్పు వచ్చింది.

అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. వీధిలో ఎవరి ప్యాంటు పొడుగైనా, ఎవరి జిప్పు ఊడినా మా కిటికీ పక్కనున్న మిషన్ దగ్గరికే వస్తాయి. కుడికన్ను ఎప్పుడో పోయింది. చూపు తగ్గుతోందని చెప్పకుండా దాచుకుంది, చెప్పేసరికి ఆలస్యమైపోయింది. మిగిలింది ఎడమ కన్ను. ఒకరోజు మధ్యాహ్నం సూదిలో దారం ఎక్కిస్తూ, "ఎవరో పక్కనుంచి పరదా లాగుతున్నట్టుందే" అంది. ఈసారి దాచలేదు. డాక్టరమ్మ చూసి, కంటి వెనక పొర ఊడుతోందని, వెంటనే ఆపరేషన్ చెయ్యాలని చెప్పింది. చూపు నిలుస్తుందా అని నాన్న అడిగితే, "ప్రయత్నిద్దామండీ. మాట ఇవ్వలేను" అంది. అప్పటిదాకా తల వంచొద్దు, వంగి పని చెయ్యొద్దు అని మరీ మరీ చెప్పి పంపింది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం నేను డిపో నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే అమ్మ పిలిచింది. మిషన్ మీద గుడ్డ కప్పేసి, దాని ముందే ఊరికే కూర్చుని ఉంది. చేతిలో కొలతల టేపు. వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

"నాన్నావాళ్ళు లేరు కదా?"

"రేపటికి ఫ్లాస్కూ అవీ కొనడానికి వెళ్ళారు. ఏం?"

"తలుపు దగ్గరికి వేసి ఇలా రా."

వేసి వెళ్ళాను.

"నాకు భయంగా ఉందే," అంది. "కాసేపు ఆయన్ని అడుక్కుందామనుకుంటున్నా. ఒక్కదాన్నే కూర్చుంటే మాట రావట్లేదు. నా పక్కన కూర్చుంటావా?"

"ఏ ఆయన్ని?" అన్నాను. తెలిసే అడిగాను.

అమ్మ టేపు చుట్టుకుంది.

"నాకు నమ్మకం లేదు కదమ్మా. నటించమంటావా?"

"వద్దు, నటించొద్దు. నువ్వేం అనక్కర్లేదు. కళ్ళు కూడా మూసుకోవద్దు. ఫోన్ చూసుకుంటూ కూర్చో. పక్కన ఒక మనిషుంటే చాలు."

"అలా కూర్చున్నా ఒప్పుకున్నట్టే అవుతుంది. ఒక్కసారికే కదా అనుకునే అన్నీ మొదలవుతాయి."

అది నా మాట కాదు. ఆదివారాలు యూనియన్ ఆఫీసు మేడ మీద జరిగే నాస్తికుల సభల్లో నాన్న చెప్పేది. నేను ఆయన గొంతుతో సహా దించేశాను. పైగా, మాటకు మాట బాగా చెప్పానని లోపల కాస్త సంతోషం కూడా కలిగింది. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికన్నా సిగ్గనిపించేది ఆ సంతోషమే.

"సరేలే," అంది అమ్మ. "వెళ్ళి మొహం కడుక్కో. ఎండన పడి వచ్చావు."

బయటికి వచ్చాను గానీ వెళ్ళలేదు. తలుపు వెనకే నిలబడ్డాను. కాసేపటికి లోపలినుంచి సన్నగా మాట వినిపించింది. ఏవో పెద్ద మాటలు పలుకుతుందనుకున్నాను. తెలిసినవాళ్ళకి ఫోన్ చేసినట్టు మాట్లాడింది.

"ఉన్నావా? నేనే. వీళ్ళు ఇంట్లో ఉంటే పలకరించడం కుదరదు, ఏమనుకోకు. ఈ ఒక్క కన్నూ ఉంచు. పెద్ద చూపేం అక్కర్లేదు, సూదిలో దారం ఎక్కేంత ఉంటే చాలు. మావాళ్ళు నిన్ను ఏదో ఒకటి అంటుంటారు. పట్టించుకోకు. నోరే అంత, మనసులో ఏం ఉండదు. వాళ్ళ మీద కోపం ఈ కంటి మీద చూపించకు."

రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడటం లేదు. నాన్న పళ్ళెంలో వేళ్ళు కదుపుతున్నాడే తప్ప తినడం లేదు. ఎప్పుడూ వాగుతూ ఉండే తమ్ముడు కూడా తల దించుకున్నాడు. ఆ నిశ్శబ్దం నావల్ల కాలేదు.

"ఏం మైకూ, నువ్వూ మూగబోయావా? ఒకటి అందుకోవే," అన్నాడు నాన్న, బతిమాలుతున్నట్టు.

అందుకున్నాను.

"ఉన్నావా? నేనే," అన్నాను. అమ్మ గొంతు అచ్చంగా వచ్చింది. ఆ సన్నటి వణుకు, మధ్యలో గుటక, అన్నీ. తమ్ముడు తలెత్తాడు. "వీళ్ళు ఇంట్లో ఉంటే పలకరించడం కుదరదు, ఏమనుకోకు." వాడు ఫక్కున నవ్వాడు. నవ్వు దొరికాక ఆగడం నాకు రాదు. సూదీ దారం చెప్పాను. నోరే అంత, మనసులో ఏం ఉండదు అన్నాను. కంటి మీద కోపం చూపించకు అనేదాకా వెళ్ళాను. తమ్ముడికి పొలమారి నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. నాన్న కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. రోజంతా బిగబట్టుకున్న భయం అంతా ఆ నవ్వులో పోయినట్టుంది. తమ్ముడు అలవాటుగా గరిటె అందుకుని బల్ల మీద కొట్టాడు.

"గిన్నెలు!"

అమ్మ కూడా నవ్వింది. ముందు మాతో పాటే నవ్వింది. తర్వాత నావైపు చూసింది, నేను తలుపు వెనక నిలబడి అంతా విన్నానని అప్పుడు అర్థమైనట్టుంది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ అందులో ఏమీ లేదు. లేచి పళ్ళేలు ఒకదాని మీద ఒకటి పేర్చింది.

నాన్న నవ్వాపి గబగబా లేచాడు. "ఉండు ఉండు, ఇవాళ నేను కడుగుతాలే. రేపు ఆపరేషన్ పెట్టుకుని..."

"పర్లేదండీ. పందెం పందెమే కదా," అంది అమ్మ.

నాన్న మళ్ళీ కూర్చున్నాడు. అమ్మ తల వంచి కడిగింది. వంచొద్దని డాక్టరమ్మ చెప్పిన మాట ముగ్గురికీ గుర్తుంది. ముగ్గురం కూర్చునే ఉన్నాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. అయితే అసలు పని ఇంటికొచ్చాక ఉంది. కంటి లోపల గాలి బుడగ ఒకటి పెట్టారు. అది ఊడిన పొరని వెనక్కి నొక్కి పట్టి ఉంచాలి. అలా ఉండాలంటే మనిషి మొహం నేలకేసే ఉండాలి. కూర్చున్నా, పడుకున్నా, తింటున్నా మొహం కిందికే. రెండు వారాలు. నాన్న డిపోకి వెళ్ళి పాత బస్సు సీటు స్పాంజి తెచ్చి, గుండ్రంగా కోసి, చెక్క చట్రానికి బిగించి, అమ్మ నుదురు ఆనించుకోవడానికి ఒక బల్ల తయారుచేశాడు. స్పాంజి గుచ్చుకుంటుందేమోనని తన పాత బనీను చింపి చుట్టాడు. పొద్దున్నే పేపరు పట్టుకుని ఆ బల్ల కింద వెల్లకిలా దూరి, పైకి చూస్తూ అమ్మకి వార్తలు చదివి వినిపించేవాడు. మా నాన్న చెడ్డవాడని ఎవరైనా అంటే ఇప్పటికీ నేను ఊరుకోను.

అమ్మ ఆ బల్ల మీద నుదురు ఆనించి, రెండు చేతులూ మొహం ముందు చేర్చుకుని గంటల తరబడి కూర్చునేది. చూసినవాళ్ళెవరికైనా ఒకటే అనిపిస్తుంది. నాన్నతో పనిచేసిన డ్రైవరు బాబాయి పరామర్శకి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటన్నా, మీ ఇంట్లో కూడా మొదలెట్టేశారా?"

"డాక్టరు అలా ఉండమందిరా," అన్నాడు నాన్న. ఇంకో రోజైతే దానికి పది మాటలు జోడించేవాడు.

బాబాయి వెళ్ళిపోయాక నాన్న వంటింట్లోకి వచ్చాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఆ రెండు వారాలూ నేనో తమ్ముడో కడిగాం, ఏ పందెమూ లేకుండానే.

"అమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి, "మీ అమ్మ అక్కడ... అదే చేస్తోందంటావా?"

"ఏమో నాన్నా."

"అడిగి చూడు ఓసారి."

"నువ్వే అడుగు."

"నేనెలా అడుగుతానే!" అన్నాడు. తడిసిన బల్లని తుడిచిందే మళ్ళీ తుడిచాడు. "కోప్పడతాననుకుంటుందేమో. నేనేం కోప్పడను. ఎప్పుడైనా కోప్పడ్డానా? నవ్వుకున్నాం, అంతేగా?"

"అంతే నాన్నా," అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

ఇంట్లో ఇంకో మార్పు వచ్చింది. అమ్మ నోరు జారడం మానేసింది. ఒకరోజు గ్లాసు తగిలి నీళ్ళు ఒలికితే "అయ్యో" అంది, అక్కడితో ఆగిపోయింది. మరోసారి మెడ పట్టేసి, "అబ్బా, దే..." అని, పెదాలు బిగించేసింది. తమ్ముడి చేయి బల్ల మీద గరిటె పక్కనే ఉంది. వాడు దాన్ని నెమ్మదిగా వెనక్కి తీసుకున్నాడు. మర్నాడు చూస్తే ఆ గరిటె భోజనాల బల్ల మీద లేదు, వంటింటి సొరుగులో ఉంది.

నాకు కునుకు పట్టేది కాదు. దేవుడి సంగతి నన్ను బాధించలేదు. ఆయన లేడని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నన్ను తినేసింది ఇంకోటి. ‘పైన ఎవరూ లేరు, మనిషికి మనిషే దిక్కు’ అని నాన్న ప్రతి సభా ముగించేవాడు. నేను చప్పట్లు కొట్టేదాన్ని. తీరా అమ్మ తన పక్కన ఒక మనిషి ఉంటే చాలని అడిగితే, అక్కడున్న ఒక్క మనిషిని నేనే అయ్యుండీ లేచి వచ్చేశాను. నా నమ్మకం ప్రకారం చూసినా నేను చేసింది తప్పే.

ఒక సెలవు రోజు వెళ్ళి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. అమ్మకి నా పాదాలు మాత్రమే కనిపిస్తాయి. అవీ సరిగా కనిపించవు.

"ఎవరూ?"

"నేనేనమ్మా."

"ఏం కావాలి?"

"ఏం వద్దు. ఊరికే కూర్చుందామని."

"ఎందుకే, పని చూసుకో. నాకేమైనా కావాలంటే పిలుస్తా."

"పర్లేదమ్మా. నువ్వు... నీ పని నువ్వు చేసుకో. నేను పక్కన ఉంటాను."

అమ్మ చేతులు మొహం ముందు చేర్చి ఉన్నాయి. వాటిని విడదీసి, ఒళ్ళో పెట్టుకుంది.

"నాకే పనీ లేదు," అంది. "ఆ ఫ్యాను కాస్త పెంచి వెళ్ళు."

పెంచి వచ్చేశాను. నేను ఉండగా ఆమె మళ్ళీ చేతులు చేర్చదని తెలిసిపోయింది. నా చెవులంటే మా అమ్మకి భయం పట్టుకుంది.

బుడగ కరిగిపోయాక ఆసుపత్రిలో కన్ను పరీక్షించారు. చూపు నిలిచింది. పూర్తిగా కాదు. తిన్నని గీత వంకరగా కనిపిస్తోందని అమ్మ అంది. డాక్టరమ్మ అది మెల్లగా కొంత తగ్గుతుందంది. ఇంటికి రాగానే అమ్మ మిషన్ మీది గుడ్డ తీసి, లావు సూది ఒకటి వెతికి, కిటికీ వెలుగులో దారం ఎక్కించబోయింది. ఒకసారి తప్పింది, ఇంకోసారి తప్పింది. మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఎక్కింది.

"చూశావా! అదీ సైన్సంటే," అన్నాడు నాన్న, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ డాక్టరమ్మ చల్లగా ఉండాలి," అంది అమ్మ. ఇంకేమైనా అంటుందేమోనని చూశాం. అనలేదు. ఎక్కిన దారానికి ముడి వేసుకుంది.

ఎండలు తగ్గి మొదటి వానలు పడే రోజుల్లో జనాభా లెక్కల తొలి అంకెలు బయటికి వచ్చాయి. రాత్రి భోంచేస్తుంటే టీవీలో ఆ వార్తే. మతం లేదని చెప్పినవాళ్ళు దేశంలో ఎన్నడూ లేనంత పెరిగారని, నగరాల్లో ప్రతి ఇద్దరిలో ఒకరు అదే మాట చెప్పారని చదువుతున్నారు. నాన్న చెయ్యి కడుక్కోకుండానే టీవీ ముందుకి వెళ్ళి సౌండు పెంచాడు. పాపం, ఆయన జీవితమంతా ఎదురుచూసిన వార్త. మేడ మీద సభలకు పట్టుమని పదిమంది రాని రోజులు ఆయనకు తెలుసు.

"విన్నారా! ప్రతి ఇద్దరిలో ఒకరట!" అన్నాడు. "మనం ఒంటరివాళ్ళం కాదర్రా. ఆ లెక్కలో మనం కూడా ఉన్నాం. మన నలుగురం ఉన్నాం!"

"ముగ్గురు," అంది అమ్మ.

మెల్లగా అంది. పళ్ళెంలోకి చూస్తూ అంది. టీవీ గోలలో నాన్నకి వినపడలేదు.

"ఏంటి? ఏమన్నావ్?" అని నవ్వుతూనే వెనక్కి తిరిగాడు.

అమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. చూపు ఇంకా పూర్తిగా కుదరని కన్ను, కానీ నా మీద సరిగ్గా నిలిచింది.

"మీ అమ్మాయినడగండి," అంది. "నా మాటలు నాకంటే బాగా చెబుతుంది."

నాన్న నావైపు తిరిగాడు. తమ్ముడు నావైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను. అడిగితే ఎవరి గొంతైనా పలికే నోరు అది. ఆ రాత్రి అమ్మ గొంతు రాలేదు. నా గొంతే వచ్చింది, అదీ సగం.

"ముగ్గురు, నాన్నా. అమ్మని ఎవరూ అడగలేదు."

నాన్న టీవీ కట్టేశాడు. వానచప్పుడు వినిపించింది. ఆయన బల్ల దగ్గరికి వచ్చి, ముందు అమ్మ పళ్ళెం తీశాడు, తర్వాత మావి, చివరికి తనది. అన్నీ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

అమ్మ ఆపలేదు. కూర్చునే ఉంది.